దొరువులో వదిలిన జిలేబి చేప

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక దొరువులో ఎండాకాలం వల వేయడమంటే, విత్తనాలకని దాచిన వడ్లు వండుకు తినడంతో సమానం. దొరువంటే ఇసుక నేలలో తవ్విన లోతు తక్కువ నీటిగుంట. సముద్రం దగ్గరి మా ఊళ్ళో దాని నీళ్ళతోనే వేరుశనగ తడుపుకునేవాళ్ళం. వానాకాలం పోయి ఊరి కాలువ ఎండుతున్నప్పుడు పాముల్లా సన్నగా ఉండే బొమ్మిడాయిలు, పరిగెల్లాంటి చిన్న చేపలు ఈ దొరువులో చేరి తలదాచుకునేవి. మళ్ళీ వానలు పడి దొరువు పొంగితే కాలువలోకి వెళ్ళి గుడ్లు పెట్టేవి. అందుకే వేసవిలో వాటి జోలికి ఎవరూ పోయేవారు కాదు.

మా అత్త, అంటే మా నాన్న అక్క, మాతోనే ఉండేది. కాలువలో బొమ్మిడాయిలు పట్టి, గంపలో పెట్టుకొని ఇందుకూరుపేట దాకా నడిచి అమ్మేది. ఆమె బతుకంతా ఆ గంప మీదే. నేనంటే ఆమెకు ప్రాణం, కాకపోతే బొమ్మిడాయిల తర్వాతేనని మా అమ్మ ఎగతాళి చేసేది.

ఒక కార్తీకంలో గాలివానకు ఎగువనున్న చేపల గుంట కట్ట తెగింది. అందులో పెంచుతున్న జిలేబి చేపలన్నీ వచ్చి మా కాలువలో పడ్డాయి. ఊరంతా చీరలూ పంచెలూ పట్టుకొని కాలువలో దిగింది. నేనూ దిగాను. మోకాలి లోతు నీళ్ళలో ఒక చేప నా చేతికి చిక్కి నోరు తెరిచింది. నోటి నిండా ఆవగింజలంత పిల్లలు! జిలేబి చేప పిల్లల్ని నోట్లో దాచుకుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. తల్లిని పులుసు పెట్టుకుంటే ఆ పిల్లల గతేమిటని ఏడుపొచ్చింది. తపేలాలో వేసుకొని పరుగెత్తి, ఎవరూ చూడకుండా మా దొరువులో వదిలేశాను. ఆ రోజంతా ఊళ్ళో నా అంత పుణ్యాత్మురాలు లేదనుకున్నాను.

కాలువలో మిగిలిన జిలేబి చేపలు కాలువతోపాటే ఎండిపోయాయి. నేను కాపాడినవి మాత్రం భేషుగ్గా బతికాయి. వైశాఖం వచ్చేసరికి దొరువులో ఎక్కడ చూసినా అవే. మా అత్త గట్టు మీద కూర్చొని చాలాసేపు చూసింది. ఆ చేప మేతంతా తానే తింటుంది, నాచులో గుడ్లు కనబడితే వాటినీ వదలదు. వానలు పడి దొరువు పొంగిందంటే ఇవన్నీ కాలువకెక్కుతాయి. ఆ తర్వాత ఆమె గంపలోకి బొమ్మిడాయి ఎక్కడి నుంచి వస్తుంది? వీటిని ఎవరు వదిలారని మాత్రం ఆమె అడగలేదు. అడగక్కర్లేదు కూడా. తప్పు చేసి ముఖం మామూలుగా పెట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మర్నాడు పొద్దున్నే వీధిలోని ఆడవాళ్ళందరినీ పిలిచి దొరువు తోడించింది. నాకు ఏరే పని అప్పగించింది. జిలేబి చేపలు గంపల్లోకి, మన చేపలు నీడన పెట్టిన బురదనీళ్ళ కుండల్లోకి. బొమ్మిడాయిని పట్టుకోవడం మాటలు కాదు. చేతిలోంచి జారిపోతుంది, పోతూ పోతూ వీపు ముళ్ళతో గీరుతుంది. గంపలు ఒకదాని తర్వాత ఒకటి నిండుతున్నాయి. కుండల్లో చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని బొమ్మిడాయిలు. నేనేం చేశానో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

అంతలో మళ్ళీ ఒక తల్లి చేప, దాని నోట్లో పిల్లలు. దాన్ని గంపలో వేయలేకపోయాను. మెల్లిగా తపేలాలో వేసి పక్కన పెట్టాను. మా అత్త చూసి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"మంచి తల్లే మే అది, నేను కాదన్లా" అంది. "మన బొమ్మిడాయికి ఆ తెలివి యాడుండాది? గుడ్లు నాచుకి అంటించి దాని దోవన అది పోతాది. అందుకే దాన్ని మనం కాయాల."

ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. మా అత్త లేచింది. ఆ తపేలా నాచేతే మోయించి, ఎగువ గుంట దాకా నడిపించి, ఆ తల్లిని దాని గుంటలో వదిలించింది. ఒక్క చేప కోసం ఇంత దూరం వచ్చారా అని గుంట ఆసామి నవ్వాడు. మా అత్త నవ్వలేదు. ఆయన కట్ట తెగితే కింద ఎవరి గంప ఖాళీ అవుతుందో నిదానంగా చెప్పింది. కట్ట ఎత్తు చెయ్యమంది, తూముకు సన్నకంటి వల కట్టమంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు గానీ, వానల ముందు రెండు పనులూ చేశాడు.

ఆ పూట వీధంతా మామిడికాయ వేసిన జిలేబి చేపల పులుసే. మా అత్త కూడా రెండుసార్లు వడ్డించుకుంది. ఇసుక నేల కాబట్టి తెల్లారేసరికి దొరువులో నీళ్ళు ఊరాయి. కుండలు తెచ్చి వంచాం. వానలు వెలిసిన తర్వాత ఒకరోజు నన్ను కాలువకు తీసుకెళ్ళి నాచు పక్కకు తొలగించింది. దారప్పోగుల్లాంటి బొమ్మిడాయి పిల్లలు! ఆ ఏడు ఆమె గంప సగమే నిండింది. ఆ సగంతోనే ఎంత హుషారుగా ఇందుకూరుపేట వెళ్ళిందో!

ఇప్పుడు మా చుట్టూ అన్నీ గుంటలే. నాకు పేర్లు తెలియని చేపలు పెంచుతున్నారు. గాలివాన వస్తే ఎక్కడో ఒక కట్ట తెగుతూనే ఉంటుంది. మా వీధి ఆడవాళ్ళు వానల ముందు దొరువు తోడి ఏరడం మానలేదు. తూములకు వల కట్టని ఆసాముల ఇళ్ళకు నేనే వెళ్ళి అడుగుతాను. నన్ను చూస్తే కొందరు తప్పించుకు తిరుగుతారు, అయినా కడతారు. మా కాలువలో బొమ్మిడాయి ఇంకా ఉంది.

నోట్లో పిల్లల్ని దాచుకున్న తల్లి చేతికి చిక్కితే ఎవరికైనా జాలి పుడుతుంది. నాచుకు అంటుకొని ఎవరి కంటా పడని గుడ్ల మీద జాలిపడడం మాత్రం మా అత్త దగ్గరే నేర్చుకున్నాను.