అడుగు పొరలో పొద్దుతిరుగుడు

ఆరేళ్లుగా నేనొక పువ్వు బరువు మోస్తున్నాను. పువ్వుది కూడా కాదు, పుప్పొడి రేణువుది. కంటికి కనిపించదు. అయినా బరువే. నవ్వుకోండి. నేనూ నవ్వాను, తప్పంతా అక్కడే జరిగింది.

మట్టి పొరల్లో చిక్కుకున్న పుప్పొడి వేల ఏళ్లయినా చెడిపోదు. ఏ పొరలో ఏ మొక్కలదుందో చూసి, అప్పటి నేల ఎలా ఉండేదో చెప్పొచ్చు. మా పరిశోధన అదే. కోడుమూరు దగ్గర ఎండిపోయిన చెరువులో గొట్టం దించి మట్టి తీశాం. అడుగు పొర సునీతక్కది. నాకంటే రెండేళ్లు సీనియర్, ఆ పక్క పల్లెలో కూలీల ఇంటి బిడ్డ. ఆ పొరలో ఆమెకు నీటి మొక్కల పుప్పొడి, ఫెర్నుల సిద్ధబీజాలు దొరికాయి. అంటే వాళ్ల నాన్న వానకోసం మొహం వాచిన ఆ నేల మీదే ఒకప్పుడు ఏడాది పొడుగునా నీళ్లు! ఆమె థీసిసంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఆ తర్వాత ఒక స్లైడులో, చుట్టూ ముళ్లతో, బుల్లి ఉమ్మెత్తకాయలాంటిది కనిపించింది. పొద్దుతిరుగుడు పుప్పొడి. సముద్రాల అవతల పుట్టి, మన దేశానికి నిన్నగాక మొన్న వచ్చిన మొక్క; వేల ఏళ్ల నాటి మట్టిలో ఉండే వీలే లేదు. అది బయటినుంచి చేరిందంటే మిగతావీ చేరి ఉండొచ్చు. అక్క నీళ్లన్నీ ఒక్క రేణువుతో ఇంకిపోయాయి.

"బీకర్లు కడిగినావామ్మా?" అన్నాడు మా గైడు సారు.

"రెండు మార్లు కడిగినా సార్."

"మరి ఇది యాడనుంచి వచ్చె? ఎగురుకుంటా వచ్చిందా?"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పప్పా. నేను కడుగుతాంటే నువ్వీడనే ఉంటివి గదా?"

"నేను టీ తాగుతాంటినక్కా. టీ గ్లాసుకైతే గ్యారంటీ ఇస్తా," అన్నాను.

అందరూ నవ్వారు. సారు కూడా.

నాకప్పటికే తెలుసు. మట్టి తీసిన రోజు పక్క చేనంతా పొద్దుతిరుగుడు విరగబూసి ఉంటే, ఒక పువ్వును రెండు చేతులా పట్టుకుని ఫొటో దిగాను. ఆ పుప్పొడి ఎగిరే రకం కాదు, జిగటది, అంటుకుంటుంది. ఉక్కగా ఉందని గ్లౌజులు వేసుకోకుండా, ఆ చేతులతోనే అడుగు పొరను సంచుల్లోకి ఎత్తాను. సంచుల సంగతి ఎవరూ అడగలేదు.

భయపడి దాచానా? అంత మర్యాద నాకొద్దు. భయపడే తీరిక కూడా తీసుకోలేదు. నవ్వించే వీలు దొరికింది, వాడుకున్నాను. సాయంత్రానికల్లా ఆమెకు పొద్దుతిరుగుడక్క అని పేరు పెట్టిందీ నేనే. పేరు నిలిచింది, థీసిస్ నిలవలేదు. ఆ ఏడే ఆమె పరిశోధన మానేసింది, ఇప్పుడు కల్లూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పుకుంటోంది. అదే మట్టిలోని పై పొరలతో నేను డాక్టరేటు తెచ్చుకున్నాను.

క్షమించమని అడగను. మోకాళ్ల మీద పడి ఏడవడం నాకు చేతకాదు, చేతనైనా చెయ్యను. నిన్న ఆ ఫొటో పెట్టి, జరిగిందంతా రాసి, సారుకు పంపాను. అక్కకూ పంపాను. "అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతాండావప్పా?" అని సారు జవాబు. తవ్వడమే కదా సార్, మీరు నేర్పింది. డాక్టరేటు లాక్కుంటే లాక్కోనీ. అక్క చదివింది. జవాబు చెప్పాల్సిన పని ఆమెకు లేదు.

గుండె కాస్త తేలికైంది. అదీ నాకు దక్కాల్సింది కాదు, అయినా తీసుకుంటాను. ఆ రోజు అక్క నన్నడిగిన దానికి జవాబు ఇక్కడ, అందరి ముందూ చెబుతున్నాను.

కడిగింది. రెండు మార్లు. నేను చూశాను.