ఫోను మోగాకే ఉయ్యాల

రమత్ గన్‌లో సాసోన్ మురాద్ దుకాణం వెనకగదిలో ఏ రోజు చూసినా ఇంకా పుట్టని పిల్లల సామాను ఓ ముప్ఫై మందిదైనా ఉండేది. నెలలు నిండుతున్న ఆడవాళ్ళు మొగుళ్ళతో వచ్చి ఉయ్యాల, బండి, పరుపు ఎంచుకుని, చీటీ రాయించుకుని, చేతులూపుకుంటూ వెళ్ళిపోయేవారు. బిడ్డ పుట్టాక ఎవరో ఒకరు ఫోను చెయ్యాలి. అప్పుడే సామాను గుమ్మం దాటేది. ముందే ఇంటికి చేరిస్తే దిష్టి.

లోకంలో దిష్టిని ఏమార్చని జాతి లేదు. ఒకచోట పసివాడికి చెత్తపేరు పెట్టి పిలుస్తారు, ఇంకోచోట బుగ్గన నల్లచుక్క దిద్దుతారు, మరోచోట నిండు కడుపును చూసి కూడా చూడనట్టు వాతావరణం గురించి మాట్లాడతారు. బాగ్దాదు యూదుల బిడ్డగా తల్లి చంకనెక్కి ఈ దేశం వచ్చిన సాసోన్‌కు ఈ విద్య ఉగ్గుపాలతోనే అబ్బింది. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి మాత్రం తొందరపడి ఉయ్యాల ముందే ఇంటికి తెచ్చాడు. అందులో ఎవరూ పడుకోలేదు. ఆ మాట ఆయనగానీ భార్య వియోలెట్ గానీ మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాతే దుకాణం, ఆ వెనకగది.

మరి కొన్నేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు అసాఫ్, ఇరవై మూడో ఏట యోతమ్ అనే కుర్రాడిని వెంటబెట్టుకొచ్చి, మేమిద్దరం కలిసి బతుకుతాం అన్నాడు. సాసోన్ అరవలేదు. అయితే వెనకగదిలో మన ఇంటి చీటీ ఉండదన్నమాట అనుకుని ఆ పూట భోజనం మానేశాడు.

పదకొండేళ్ళ తర్వాత ఓ పొద్దున వాళ్ళిద్దరూ కొనేవాళ్ళ వరసలో నిలబడ్డారు.

"నాన్నా, చీటీ రాయి."

మగజంటలకు ఆ రోజుల్లో స్వదేశపు చట్టం అద్దెగర్భంతో బిడ్డను కనే దారి మూసేసింది. దూరాన అమెరికాలో, ఒరెగన్‌లో, బడి బస్సు నడిపే డార్లా అనే ఇద్దరు పిల్లల తల్లి వీళ్ళ బిడ్డను మోస్తోంది. సాసోన్ కలం అందుకుని చీటీ రాయబోయాడు. మూడు చీటీలు పాడయ్యాయి.

నెల రోజుల్లో ప్రసవం అనగా అసాఫ్ కారు సీటు కోసం వచ్చాడు.

"ఫోను వచ్చిందా?" అన్నాడు సాసోన్.

"ఇంకా పుట్టందే ఎలా వస్తుంది? కారు సీటు చూపించందే అక్కడ బిడ్డను ఆసుపత్రి గడప దాటనివ్వరు."

"పుట్టాక పంపిస్తా."

"పదకొండు వేల కిలోమీటర్లు! నీ డొక్కు వ్యానులోనా?"

"పోనీలెండి, అక్కడే కొనుక్కుంటాం" అన్నాడు యోతమ్ మెల్లగా.

"మురాద్ ఇంటి బిడ్డకు పరాయి కొట్లో సీటా? అంతకంటే రేపట్నుంచి ఫలాఫెల్ వడలు వేయించుకుని అమ్ముకుంటాను!"

గల్లాపెట్టె దగ్గర్నుంచి వియోలెట్ తలెత్తింది. "ఏమయ్యా, సామాను దుకాణంలోనే ఉండాలి, అంతేగా నీ పట్టు? దుకాణాన్నే తీసుకుపో."

మూడు వారాల తర్వాత ఒరెగన్‌లో, ఆసుపత్రికి ఎదురుగా ఉన్న లాడ్జి గది తలుపు మీద అట్టముక్క వేలాడింది: మురాద్ ఉయ్యాలలు, శాఖ. మూల సీలు విప్పని పెట్టెలు. వియోలెట్ వాటి మీద కూర్చోబోతే, "లే, లే! అమ్మకం ఇంకా కాలేదు" అన్నాడు సాసోన్.

ఓ మధ్యాహ్నం డార్లా వచ్చి, ఆ అట్ట మీద ఏముందో అసాఫ్ చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "పెట్టె ఒకసారి విప్పి చూపించరా?"

"పుట్టాక" అన్నాడు సాసోన్. అసాఫ్ అటూ ఇటూ మాటలు మోస్తున్నాడు.

"మీ పద్ధతే నయం. మా పెద్దదానికి ఆరు నెలల ముందే గదికి రంగు వేయించాను. ఆ రంగు చూస్తే దానికి ఇప్పటికీ ఏడుపే."

సాసోన్ ఖర్జూరం బిస్కట్ల డబ్బా ఆమె ముందుకు జరిపాడు. "నొప్పిగా ఉందా తల్లీ?"

"బస్సులో నలభై మంది చేసే అల్లరి ఈ ఒక్కరే చేస్తున్నారు" అంది ఆమె, రెండో బిస్కట్టు అందుకుంటూ.

ఐదు రోజుల తర్వాత, పొద్దున్నే కుర్రాళ్ళిద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు. పది దాటింది. పన్నెండు దాటింది. ఎన్నడూ ఎత్తని ఆ పాత ఉయ్యాల మాట సాసోన్ నోటిదాకా వచ్చింది. వియోలెట్ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అనకు" అంది.

ఫోను మోగింది. దుకాణం అలవాటుగా రెండో మోతకు ఎత్తాడు.

"మురాద్ దుకాణమేనా?" అలసిన ఆడగొంతు. అసాఫ్ రాసిచ్చిన కాగితం చూసి, వాళ్ళ భాషలో కూడబలుక్కుని చదువుతోంది డార్లా. "ఆర్డరు ఉంది. సామాను పంపండి."

వెనకాల ఓ ఏడుపు, దాన్ని మించి ఇంకో ఏడుపు. అసాఫ్ ఫోను లాక్కున్నాడు. "అమ్మాయి నాన్నా! పాప ఎప్పుడో ఆపేసింది. ఈ యోతమే ఆపడం లేదు!"

వేలమందికి మజల్ తోవ్ అంటూ శుభాకాంక్షలు చెప్పిన మనిషి అది కూడా అనకుండానే ఫోను వియోలెట్ చేతిలో పెట్టి, కారు సీటు పెట్టె అందుకున్నాడు. వియోలెట్ నాలుకాడిస్తూ తీసిన మంగళధ్వనికి లాడ్జి వాళ్ళంతా వరండాలోకి వచ్చేశారు.

వానలో పెట్టె నెత్తిన పెట్టుకుని సాసోన్ రోడ్డు దాటాడు. గది చేరి, కళ్ళు గోడ మీదే నిలిపి, చీటీ చాచాడు. "ముందు సంతకం." అసాఫ్ పెట్టాడు, యోతమ్ పెట్టాడు. మంచం మీంచి చెయ్యి చాపి డార్లా కూడా ఓ మూల గిలికింది. అప్పుడు గానీ ఆయన కళ్ళు దించి పాపను ఎత్తుకోలేదు.

"నా కన్నా, నా కంటివెలుగా" అంటూనే ఉన్నాడు.

"నాన్నా, సీటేదీ?" అన్నాడు అసాఫ్ చాలాసేపటికి.

నలభై ఏళ్ళలో సాసోన్ మురాద్ సామాను ఎక్కడ పెట్టాడో మరిచిపోయింది ఆ ఒక్క రోజే. ఆసుపత్రి లిఫ్టులో దించిన పెట్టె అందులోనే కిందికీ పైకీ తిరుగుతూనే ఉంది.