ఆయన ఎడమ పక్క

మా వీధి మిలిటరీ అన్న పోయారు. ఆ కబురు చెప్పింది మా చెల్లె బిడ్డ. రోజూ పొద్దున ఆయనతో నడకకు పోయే పిల్ల, ఆయన ఇంట్లోంచే ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మామ లేస్తలేడు" అంది. నేను దేవుడి ముందు దీపం ముట్టిస్తున్నాను. వత్తి అంటుకునే దాకా ఆగి, అప్పుడు చెప్పులు వేసుకున్నాను. రెండు ఇళ్ల అవతలే. వెల్లకిలా, చేతులు రెండూ ఒంటికి ఆనించి, కవాతులో నిలబడ్డట్టే పడుకుని ఉన్నారు. నిద్రలోనే పోయారట. అంత దెబ్బలు తిన్న ఒంటికి దేవుడు అంత మెత్తటి చావు ఇచ్చాడు.

ఆ దెబ్బల సంగతి మా వీధిలో సగం మందికే తెలుసు. అందులో నా వంతు వాళ్లలో ఎవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

సైన్యం నుంచి వచ్చాక ఆయన హనుమకొండలో ఒక బ్యాంకుకు తుపాకి పట్టుకునే గార్డుగా చేరారు. పొద్దున్నే బెల్టు బిళ్ల మెరిసే దాకా తుడిచేవారు. గుమ్మంలో నిలబడి వచ్చిన ముసలమ్మలకు పాసుబుక్కు మిషన్లో పెట్టి ఇచ్చేవారు. ఎవరైనా అరిస్తే ఎదురు అరిచేవారు కాదు. "తుపాకి ఉన్నోడు తిట్లు తినాలె చెల్లె. లేకుంటే దాన్ని వానికి ఇయ్యద్దు" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "భయపడ్డోడే కొడ్తడు. భయం పోయినంక వాడే నీళ్లు తెచ్చిస్తడు."

నాలుగేళ్ల కింద మా చెల్లె బిడ్డ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. నా దగ్గరే ఉండి చదువుకునేది. అదే బ్యాంకులో, కింది అంతస్తు వెనుక కంప్యూటర్ల గదిలో, రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. అది పూర్తయి కాగితం చేతికొస్తేనే డిగ్రీ. అన్న తన స్కూటరు మీదే తీసుకుపోయేవారు. "ఏమే కంప్యూటర్, నీ మిషిన్లకు జరమొచ్చిందా, గంత సల్లగ పెట్టిండ్రు" అని గది తలుపు దగ్గర రోజూ ఆటపట్టించేవారు. "నీ తుపాకికి తుప్పు పట్టింది చూస్కో మామా" అని ఇది.

పిల్లకు ఒక పని అప్పజెప్పారు. బ్యాంకు నుంచి ఫోన్లకు వెళ్లే మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉండేవి. వాటిని తెలుగులో తయారు చేసి, ముందు బ్యాంకు సిబ్బంది ఫోన్లకే పంపి చూడాలి. సిబ్బందివన్నీ పెద్ద ఫోన్లు. అక్షరాలు బాగానే కనబడ్డాయి. కానీ మా అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. అందులో తెలుగు డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. అమ్మమ్మ ఫోనులో కనబడితే ఎవరి ఫోనులోనైనా కనబడుతుందని పిల్ల అనుకుంది. అమ్మ పేరు వెతకబోయి, ఊరి పేరు మీద గుర్తు పెట్టి, పంపు అని నొక్కింది. పాలకుర్తి దారిలో మా ఊరు. మా ఊరి ఖాతాలన్నీ ఆ బ్యాంకులోనే. మెసేజ్ ఊరందరికీ పోయింది.

మెసేజ్‌లో ఉన్నది ఒకటే మాట. మీ ఖాతా మూసివేయబడింది.

అంతకు ముందు ఏడాదే ఒక చిట్టీల కంపెనీ మా ఊరిని ముంచి రాత్రికి రాత్రి తాళం వేసింది. ఒకతను పత్తి మందు తాగి చనిపోయాడు. ఇప్పుడు వడ్లు అమ్మిన పైసలు బ్యాంకులో పడి వారం కాలేదు. బ్యాంకు నుంచి ఊరు ఊరంతా చదవగలిగిన మొదటి మెసేజ్ అది.

ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. పిల్ల మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని పోయాను. నేను పోయేసరికి దాని ముఖంలో నెత్తురు లేదు. "పెద్దమ్మా, అమ్మమ్మ ఫోన్ చేసింది. అక్షరాలు మంచిగనే వచ్చినయట" అంది. ఏమిటే అని అడిగేలోపు వీధి వైపు అద్దం పగిలింది.

రెండు ట్రాలీ ఆటోలలో వచ్చారు. మొదటి రాయి అద్దానికి, రెండోది మేనేజరు గారి భుజానికి తగిలింది. ఆయన కౌంటరు కింద కూలబడ్డారు. మిగతా వాళ్లు మెట్లెక్కి పై అంతస్తు గ్రిల్ వేసుకున్నారు. మాకు మెట్లు అందలేదు. అన్న మా ఇద్దరినీ కంప్యూటర్ల గదిలోకి నెట్టారు. జంట గొట్టాల తుపాకిని మధ్యకు మడిచి రెండు తూటాలు తీశారు. "చెల్లె, ఖాళీ గిన్నె ఉన్నదా" అని అడిగారు. డబ్బా పై గిన్నెలోది మూతలోకి వంచి ఇచ్చాను. తూటాలు అందులో వేసి, తుపాకి పిల్ల చేతుల్లో పెట్టారు.

"మామా, నువ్వు?"

"ఇది నా చేతుల ఉంటే ఎవడో గుంజుకుంటడు. ఎవడో ఒకడు సస్తడు. లోపట గొళ్లెం పెట్టుకో. చెల్లె, నీ దేవుని పేరు నువ్వు చదువుకో. తలుపు మాత్రం తియ్యకు."

చెక్క తలుపు. దానికి వీపు ఆనించి ఆయన నిలబడ్డారు. ఆ తర్వాత అంతా వినడమే.

కుర్చీలు విరిగాయి. ఎవరో కంప్యూటరు నేలకేసి కొట్టారు. "మా పైసలు ఏడబెట్టిండ్రు బే" అని ఒకడు, "మిషిన్లు లోపటనే ఉన్నయ్, తలుపు పగులగొట్టుండ్రి" అని ఇంకొకడు. అన్న గొంతు మెల్లగానే ఉంది. "మీ ఖాతాలు యాడికి పోలె. జర కూసోండ్రి. లోపట ఆడోళ్లున్నరు." చెంప మీద కొట్టిన చప్పుడు. మళ్లీ అదే గొంతు, "కూసోండ్రి తమ్మీ." ఈసారి పిడిగుద్దులు. గుద్దు గుద్దుకూ తలుపు మా వైపు ఊగింది. ఆయన తల తలుపుకు తగిలిన ప్రతిసారీ నాకు తెలిసింది. ఆ చప్పుడు వచ్చే ఎత్తు ఆయన తల ఎత్తే కాబట్టి.

ఆ గొంతుల్లో ఒకటి మా చిన్నాయన కొడుకుది. చిన్నప్పుడు నా చేతి అన్నం తిన్నవాడు. "జరుగవా లేదా ముసలోడా" అని అరిచాడు. క్యూలో నిలబడడానికి పెట్టే స్టీలు కంబం నేల మీద ఈడ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక దెబ్బ. అది అన్ని చప్పుళ్ల లాంటిది కాదు. తడి చప్పుడు.

పిల్ల తుపాకి కింద పెట్టి గొళ్లెం మీద చెయ్యి వేసింది. "నేనే పంపిన. చెప్తా పెద్దమ్మా, నేనే పంపినని చెప్తా. మామను సంపుతున్నరు."

నేను దాని నోరు మూశాను. రెండు చేతులతో. గోడకేసి నొక్కి పట్టాను. దాని పళ్లు నా అరచేతిలో దిగాయి. నెత్తురు మోచేతి దాకా కారింది. నేను వదలలేదు. నోటితో సోమేశ్వరుని పేరు అంటూనే ఉన్నాను. తలుపు కింది సందులోంచి ఎర్రగా పారుతూ వచ్చి టిఫిన్ డబ్బాను తాకింది. అప్పుడు కూడా వదలలేదు.

పోలీసులు వచ్చి తలుపు కొట్టాక తీశాను. అన్న ఇంకా నిలబడే ఉన్నారు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట వాపు, నెత్తురు తప్ప ఏమీ లేదు. రెండు పళ్లు చేతిలో పట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి, "గిన్నె కడుక్కో చెల్లె, తూటాలకు నూనె ఉంటది" అన్నారు. అన్నాకే పడిపోయారు.

దవాఖానలో కన్ను తీసేశారు. బ్యాంకు విచారణ పెట్టింది. పిల్ల పంపేవి సిబ్బంది ఫోన్లు దాటవనే అనుకుని, మిషన్ లోపం అన్నారు. ఆయన మీద మాత్రం రాతపూర్వకంగా తప్పు వేశారు. ఆయుధం విడిచిపెట్టిన గార్డు అని. అది సైన్యంలో పనిచేసిన మనిషికి ఎంత మాటో నేను చెప్పనక్కరలేదు. ఎందుకు ఇచ్చావని అడిగితే, "నాకు గట్ల తోచింది" అన్నారట. దవాఖానలో మొదటి రోజే పిల్ల ఆయనకు అంతా చెప్పేసింది. విచారణలో ఆయన దాని పేరు ఎత్తలేదు.

నేనూ ఎత్తనివ్వలేదు. "రెండు నెలలు కానీ, కాగితం రానీ" అన్నాను. పిల్ల బతుకు అనుకున్నాను. రోజూ దేవుడి ముందు కూర్చునేదాన్ని. ఆ మాట అక్కడ నిలబడేది కాదు.

ఇంటర్న్‌షిప్ చివరి రోజు ఆఫీసర్ల ముందు నిలబడి ఏం నేర్చుకున్నారో చెప్పాలి. ముందు రోజు పిల్ల ఆయన మంచం దగ్గరికి పోయింది. నేనూ పోయాను.

"చెప్పాల్నా మామా?"

"చెప్పు అనను. వద్దు అనను. చెప్తే మటుకు నేనచ్చి వెనుక కుర్చీల కూసుంట."

కంటికి కట్టుతో వచ్చి కూర్చున్నారు. పిల్ల అమ్మమ్మ ఫోన్ సంగతి నుంచి, మామ తూటాలు తీసి తుపాకి ఎందుకిచ్చాడో, తలుపు దగ్గర ఏమైందో దాకా చెప్పింది. నేను నోరు మూసిన సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు. కాగితం ఇవ్వలేదు. ఇంకో చోట మొదటి నుంచి చేయాల్సి వచ్చింది, ఏడాది పోయింది. అన్న మీద రాసిన మాట కొట్టేశారు. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఒక కన్ను లేని మనిషికి తుపాకి ఇవ్వరు.

ఆ వారమే ముగ్గురం బస్సెక్కి ఊరికి పోయాం. పిల్ల పంచాయతీ ముందు నిలబడి నేనే పంపినని చెప్పగానే మా అమ్మ లేచి చెంప మీద ఒక్కటి కొట్టింది. ఎవరూ అడ్డం పోలేదు. అక్కడి నుంచి చిన్నాయన ఇంటికి పోయాం, కొడుకు బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. ఒక కర్ర తెచ్చి అన్న కాళ్ల దగ్గర పడేశాడు. "కొట్టు. నీ ఇష్టమున్న కాడ కొట్టు" అన్నాడు.

అన్న ఆ కర్రను పక్కకు జరిపారు. "కొట్టుడు నాతోని గాదు. గీ బస్సుల నోరెండుకపోయింది" అన్నారు.

వాడు లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. తొందరలో సగం నేలపాలైంది. అన్న మిగిలిన సగం తాగారు.

తిరిగి వచ్చేటప్పుడు హనుమకొండ బస్టాండు బయట ఎడమ నుంచి వచ్చిన ఆటో ఆయనను గీరుకుంటూ పోయింది. ఆయనకు కనబడనే లేదు. అప్పటి నుంచి పిల్ల ఆయన ఎడమ పక్కనే నడిచేది. ఇప్పుడు ఒక దవాఖాన కంప్యూటర్ విభాగంలో పని చేస్తోంది. డ్యూటీకి పోయే ముందు రోజూ ఆయనతో నడక. చౌరస్తా దాటేటప్పుడు ఎడమ చెయ్యి చాపి బండ్లను ఆపేది. "నువ్వు నా కన్నువు గాదే, ట్రాఫిక్ పోలీసువు" అనేవారు. నోరు మూసిన సంగతి ఒకనాడు ఆయనకు చెప్పాను. "తలుపు తియ్యకుమన్నది నేనే గద చెల్లె" అన్నారు. అది క్షమించడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అరచేతిలో పళ్ల గుర్తు అలాగే ఉంది. హారతి పట్టినప్పుడు కనబడుతుంది.

నిన్న సాయంత్రం తీసుకుపోయారు. మా ఊరి నుంచి ఇరవై మంది దాకా వచ్చారు. పాడె ముందు కొమ్ము చిన్నాయన కొడుకు పట్టాడు. ఆడపిల్లలు రావద్దని ఎవరో అన్నారు. పిల్ల వినిపించుకోలేదు.

చౌరస్తా దగ్గర పాడె తిరిగింది. బస్సులు, ఆటోలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. పిల్ల నా చెయ్యి విడిపించుకుని ముందుకు ఉరికింది. పాడెకు ఎడమ పక్కకు పోయి నిలబడి, చెయ్యి చాపింది. ఒక ఆటో ఆగింది. దాని వెనుక ఇంకొకటి ఆగింది. అందరూ దాటిపోయినా పిల్ల చెయ్యి దించలేదు.