ఎంత లోతు నుంచి తీసిన నీళ్లు?

ముందుగా నాకు రూఢిగా తెలిసినవి. ప్రత్యేక ఆర్థిక మండళ్ల కోసం పార్లమెంటు చట్టం చేసింది. వాటిలో పరిశ్రమ పెట్టేవారికి దిగుమతి సుంకం ఉండదు, కొన్నేళ్లపాటు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. మా జిల్లా తీరంలో అలాంటి మండలి ఒకటి ప్రకటించారు. మా పిన్ని తోట దాని హద్దుల్లో పడింది. ఇక విన్నవి: విదేశీ కంపెనీలు వరస కడతాయని, ఇంటికో ఉద్యోగమని, ఆ నేల అడుగున అంతా ఉప్పునీళ్లు గనుక అది సాగుకు పనికిరాదని. మొదటి రెండూ జరగబోయే సంగతులు, అప్పుడే పరీక్షించే వీల్లేదు. మూడోదానికి మాత్రం ఒక సీసా, ఒక మీటరు చాలు.

అప్పట్లో నేను రాజమండ్రిలో కెమిస్ట్రీ లెక్చరర్ని. విదేశీ పెట్టుబడి గురించిన తర్కంతో నాకు పేచీ లేదు. ముడిసరుకు సుంకం లేకుండా రేవులో దిగి, తయారైన సరుకు అదే రేవు నుంచి వెళ్తే ఏ కంపెనీకైనా లాభమే. ఒక్క పంట మీద బతికే ప్రాంతానికి నాలుగు రకాల పనులు రావడమూ మంచిదే. అయితే పనికిరాని భూమినే ముందుగా తీసుకోవాలన్న నియమం కూడా ప్రభుత్వం పెట్టుకున్నదే. అందుకే పిన్ని తోట మిగలడమా, పోవడమా అన్నది ఆ ఉప్పునీళ్ల మాట మీద ఆధారపడింది.

ఆ తోటకు నీరిచ్చేది దొరువు. ఇసుకలో ఏటవాలుగా తవ్విన, లోతు లేని గుంట అది. కుండలతో దిగి, ముంచుకుని, పైకొచ్చి మొక్కలకు పోస్తారు. వానకు ఇంకిన మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి ఇసుకలో దానిపైనే నిలుస్తుంది. దొరువు ఆ పైపొరనే అందుకుంటుంది. పిన్ని ఆ నీటితో కనకాంబరాలు, వంగ, సరుగుడు నారు పెంచేది. గట్టున జీడిమామిడి చెట్లుండేవి.

అభ్యంతరాలు వినడానికి వచ్చిన రెవెన్యూ అధికారి పిన్ని ఇంటి అరుగు మీదే కూర్చున్నారు. ఆమె ఇచ్చిన టీ తాగి, నీటి పరీక్ష జరిగిందని, భూగర్భ జలం లవణమయమని తేలిందని మర్యాదగానే చెప్పారు.

"ఆ టీ మా దొరువు నీళ్లతో పెట్టిందేనండి. ఉప్పగా ఉందేంటి?" అంది పిన్ని.

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, గ్లాసు పక్కన పెట్టారు. "టీ రుచి చూసి రిపోర్టు మార్చలేం కదమ్మా. ఎన్నాళ్లని వరే పట్టుకుని కూర్చుంటారు? జిల్లా బాగుపడాలంటే రకరకాల పనులు రావాలండి."

"ఇక్కడ వరి ఎక్కడ కనబడిందండీ మీకు?"

ఆ ఇసుకలో వరి ఏనాడూ లేదు. ఒక్క తోటలో నాలుగు రకాల రాబడి తీస్తున్న మనిషికి వైవిధ్యం గురించి పాఠం చెప్పారు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

అయినా టీ రుజువు కాదని నాకూ తెలుసు. మరుసటి వారం కాలేజీ నుంచి నీటిలో ఉప్పెంతో చూపే కండక్టివిటీ మీటరు తెచ్చాను. "నా నాలిక కన్నా నీ డబ్బా ఎక్కువైందా అమ్మాయ్?" అని పిన్ని దెప్పింది. దొరువులో నీరు మంచిదేనని డబ్బా కూడా చెప్పింది. అంతటితో ఆగకుండా, పక్క చేలో ఎవరో లోతుగా వేయించి వదిలేసిన బోరు నీళ్లూ చూశాను. అవి నోట పెట్టలేనంత ఉప్పు. అంటే రిపోర్టు అబద్ధమని కూడా అనలేను. లోతు బోరు నుంచి తీసి ఉంటే ఆ మాట నిజమే, కానీ మొక్కలు తాగని నీటి గురించిన నిజం. నమూనా ఏ లోతుదో అందులో రాయలేదు. ఫస్టియర్ విద్యార్థి అలా రాసుకొస్తే ప్రయోగం మళ్లీ చేయమంటాను.

నా ఫలితాలు తీసుకెళ్లి ఆ రెవెన్యూ అధికారికిచ్చాను. గుర్తింపు పొందిన ల్యాబు కాదని తిప్పి ఇచ్చేశారు. అయితే వాళ్ల ల్యాబు చేతే దొరువు నీళ్లు పరీక్ష చేయించమన్నాను. ఆ దశ దాటిపోయిందన్నారు. మళ్లీ చూడటానికే భయపడే కొలతను కొలత అనరు.

తోట పోయింది. బుల్డోజరు గట్టునున్న ఇసుకనే దొరువులోకి తోసింది. పిన్ని కుండలు ఇంటికి తెచ్చుకుని, పెరట్లో బోర్లించింది.

తర్వాత గోడ లేచింది. ఒక మూల షెడ్లు వచ్చాయి, వాటిలో ఆ ఊరి ఆడపిల్లలు కొందరికి పని దొరికింది. కళ్లారా చూశాను, కాదనను. పిన్ని తోట ఉన్నచోట మాత్రం, నేను చివరిసారి చూసేనాటికి, ఏ దేశపు పెట్టుబడీ రాలేదు. తుప్పలు మొలిచాయి. సాగుకు పనికిరాదన్న నేలలో అవి ఏ నీళ్లు తాగి మొలిచాయో ఎవరూ పరీక్షించలేదు.

ఆ నమూనాను ఎంత లోతు నుంచి తీశారన్నది నాకు నేటికీ తెలియదు. తీసినవాళ్లు రాయలేదు, అడిగినచోటల్లా ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. పోనీ నేనే కొలుద్దామంటే దొరువు లేదు, గోడ దాటనివ్వరు. ఇసుక కింద ఆ మంచినీరు ఇంకా ఉండే ఉంటుందని నా ఊహ. సీసా ముంచే చోటు లేదు కాబట్టి దాన్ని కూడా విన్నవాటి పక్కనే పెడుతున్నాను.