అవ్వ చెప్పినదాంట్లో సగం

నాలుగేళ్ల కిందటి ఎండాకాలం. విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను వార్డు అటెండర్‌ని. మాది కోవిల్‌పట్టి; ఇంట్లో తెలుగు, బయట అరవం. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. స్ట్రెచర్ తోయడం, రోగులను పక్కకు తిప్పడం నా పని. నవ్వించడం జీతం లేని పని.

రామక్క అవ్వకు గుండెజబ్బు ముందే ఉంది. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దాంతోపాటే అరవమూ పోయి, ఇంటి తెలుగొక్కటే మిగిలింది. మిరపకాయల మార్కెట్లో అరవంలోనే అందరినీ దబాయించిన మనిషి! వార్డులో తెలుగు తెలిసింది నాకొక్కడికే. బడి ఎగ్గొట్టినవాడికి దుబాసీ ఉద్యోగం. తెగ మురిసిపోయాను.

అవ్వ చేరిన మూడోరోజు పొద్దున, డాక్టరు రౌండ్సులో అవ్వ నా చొక్కా పట్టుకుంది. మాట ముద్దగా వస్తోంది.

"నాయనా, ఎల్లకిలా పండుకుంటే ఊపిరి తిరగదురా. లేసి కూసుంటే తేలిక. బయమైతాది."

"ఎన్న సొల్రాంగ?" ఏమంటోందని డాక్టరు తొందరపడ్డాడు.

"భయమట సార్. యముడు టౌన్‌బస్సు ఎక్కేశాడనుకుంటోంది," అన్నాను అరవంలో.

నర్సులు నవ్వారు. డాక్టరూ నవ్వి, యాంగ్జైటీ, అంటే ఆందోళన, అని రాసి మాత్ర ఇమ్మన్నాడు.

అవ్వ నవ్వలేదు. మాత్రకు నిద్ర పడుతుందని నేను దిండ్లు తీసేసి చదునుగా పడుకోబెట్టాను. కాళ్లు ఉబ్బి వెండి కడియం చర్మంలోకి దిగిపోయింది.

"ఏమవ్వా, బలిసినావే! మా ఇడ్లీ అంత బాగుండాదా?"

చూశాను. చూసి కూడా జోకేశాను.

మధ్యాహ్నానికి పెదాలు నీలమయ్యాయి. ఐసీయూకు స్ట్రెచర్ తోసింది నేనే. అక్కడి పెద్ద డాక్టరు అడిగాడు: "పడుకుంటే ఆయాసం ఎక్కువవుతోందని చెప్పలేదా?" దాన్ని ఆర్థాప్నియా అంటారట. గుండె రక్తాన్ని సరిగా తోడలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరితే అలా అవుతుందట.

"చెప్పింది సార్."

"మరి?"

"భయమన్న ముక్క ఒక్కటే అరవంలోకి తెచ్చాను సార్."

అవ్వ బతికింది. వార్డుకు తిరిగొచ్చాక, "ఎట్లుండావవ్వా?" అంటే మొహం తిప్పుకుంది. తెలుగు ఒక్క ముక్క రాని నర్సును చూసి, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని, దిండు చూపించింది. ఆ పిల్ల వెంటనే మంచం తలవైపు ఎత్తు చేసింది.

ఇప్పుడు ఎవరు భయమన్నా, "పడుకుంటేనా, కూర్చుంటేనా?" అని అడిగి, విన్నదంతా డాక్టరుకు అప్పజెబుతాను. జోకు ఆ తరవాతే. అవ్వ మాత్రం ఇంటికి పోయేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.