పోడు చేనులో చిన్న కెమెరా

ముందు సంతోషం చెప్పేసుకుంటాను, లేకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. నేను డిగ్రీ పాసయ్యాను. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ అంతదాకా చదివింది నేనే మొదలు, అదీ మనవరాలు పుట్టాక, దూరవిద్యలో. చర్చిలో అందరికీ చెప్పాను, కూరగాయలమ్మే ఆమెకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఏం కొనిపెట్టమంటావని మా అబ్బాయి అడిగితే, ఊళ్లు తిరిగేటప్పుడు పట్టుకెళ్లడానికి ఒక చిన్న కెమెరా అన్నాను. "ఫోన్లనే ఉంది గదమ్మా" అని నవ్వుతూనే ఖమ్మం తీసుకెళ్లాడు. అరచేతిలో ఒదిగే కెమెరాను పట్టుకుని, ఇది దూరపువాటిని అద్దంతోనే దగ్గరకు తెస్తుందా లేక తెరమీద సాగదీస్తుందా అని షాపతన్ని అడుగుతుంటే, ఉన్నట్టుండి నా మొదటి కెమెరా గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రీలు కెమెరాలు పోయి డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులు. మేం అప్పుడు ఇల్లందులో ఉండేవాళ్లం. మా ఆయనకు బొగ్గుబాయిలో పని. పండగ బోనస్ రాగానే కెమెరా కొందామని షాపుకెళితే, మెడలో వేసుకునే పెద్దది చూసి ఆయన మురిసిపోయాడు గానీ, నేనే పట్టుబట్టి చిన్నది కొనిపించాను. దారిలో ఎక్కడైనా దొరికే పెన్సిల్ సెల్లతో నడుస్తుంది, సంచిలో పడి ఉంటుంది, పల్లెల్లో నలుగురూ గుమిగూడి బెదిరిపోకుండా ఉంటారని నా లెక్క. ఆ లెక్క ఎంత తప్పో పినపాకలో ఉండే మా ఆడబిడ్డ ఇంటికి బండిమీద వెళ్తుండగా తెలిసింది.

అడవి దారిలో ఒకచోట కొండవాలంతా జొన్నచేను, మధ్య మధ్య నరికిన చెట్ల మొదళ్లు నల్లగా నిలబడి, ఎండ పడి ఎంత అందంగా ఉందంటే, బండి ఆపించి ఫోటో తీశాను. రెండోది తీసేలోపే చేనులోంచి మనుషులు దిగొచ్చారు. అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు అది. ముందు ఒక ముసలమ్మ, పక్కన గొడ్డలితో ఆమె కొడుకు, వెనక ఇంకొందరు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుంటున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోవడంతో ప్రతి మాటా మా చావు గురించే అనిపించింది.

"ఎవలు పంపిండ్రు మిమ్ముల?" అన్నాడు కొడుకు.

"ఎవలు పంపలే తమ్మీ. నేను బాయిల పని జేస్త. పినపాకల మా చెల్లె ఇంటికి పోతున్నం" అన్నాడు మా ఆయన. బొగ్గు పొరల కింద భయపడని మనిషి అక్కడ బండి దిగి చేతులు జోడించాడు.

ముసలమ్మ కెమెరా వంక చూసింది. "పెండ్లిళ్ల ఫోటోలు దీసెటోడు పెద్దది మెడకేసుకొని వస్తడు. గిసుమంటి చిన్న డబ్బ ఫారెస్టోళ్ల తాన్నే ఉంటది. మొన్న గిట్లనే ఫోటో దీసి, చేను కొలుచుకపోయిండ్రు. రీలు తియ్ బిడ్డా."

రీలు ఉండదని చెబితే ఎవరు నమ్ముతారు. మూత తెరిచాను, సెల్లు జారి దుమ్ములో పడ్డాయి. "రీలు లేని కెమెరా యాడుంటదే? మమ్ముల పిచ్చోళ్లను జేస్తున్నవా?" అని కొడుకు దగ్గరకొచ్చాడు. సెల్లు మళ్లీ ఎక్కించి, తెరమీద వాళ్ల చేను చూపించి, మీట నొక్కి ఆ ఫోటో తుడిచేశాను. ముసలమ్మ నమ్మలేదు. నా మణికట్టు పట్టుకుని, వెనక్కి జరుపు, ముందుకు జరుపు అంటూ ఒక్కొక్కటీ చూసింది. ఆ పట్టులో వణుకు నాదో ఆమెదో నాకు తెలియలేదు. క్రిస్మస్ గౌను తొడుక్కున్న మా పాప ఫోటో దగ్గర మాత్రం ఆగింది. "నీ బిడ్డనా?" అంది. అవ్ అన్నాను. "పో, జల్దీ పో. నీ బిడ్డ ఎదురుజూస్తది" అని చెయ్యి వదిలేసింది. పోతుంటే సొరకాయ బుర్రలో నీళ్లు కూడా ఇచ్చారు. సగం నా చీరమీదే ఒలికాయి. పినపాక చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు పోడు భూములకు పట్టాలిస్తారని, పాతకాలం నుంచి దున్నుతున్నట్టు ఏదైనా ఆధారం చూపించాలని ఊరూరా ఒకటే మాట. ఒకరోజు మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. గొడ్డలితో నిలబడ్డ ఆ కొడుకు పినపాకలో వాకబు చేసుకుంటూ వాళ్ల గుమ్మంలోకి వచ్చాడట. "ఆ అక్క తాన మా చేను ఫోటో ఏమన్న మిగిలిందా?" అని అడిగాడట. నేను తీసిన ప్రతి ఫోటో మూలన ఆ రోజు తేదీ ఎర్రంకెల్లో పడేది. ఫోటోలు దాచుకునే ఆ కెమెరా మెమరీ కార్డు పట్టుకుని ఇల్లందులో, ఖమ్మంలో షాపులన్నీ తిరిగాను. దానిమీద ఎన్నో పండగలు, పెళ్లిళ్లు ఎక్కించేశాను, అడుగునున్నది ఇక రాదన్నారు. ఆ మాట చెప్పించడానికి మా ఆడబిడ్డకు తిరిగి ఫోన్ చేయాలంటే, ఆ రోజు గొడ్డలి ముందు పడ్డంత భయం పడ్డాను.

ఇప్పుడు ఆ దారిలో కెమెరా తీస్తే ఎవరూ ఆపరు. చేలల్లో నిలబడి వాళ్లే ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు, తేదీ పడిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నారు. ఆ కొండవాలు నిండా మాత్రం జామాయిల్ చెట్లు, గీత గీసినట్టు వరసలు. ముసలమ్మ లేదని, ఆ చేను వాళ్లకు రాలేదని విన్నాను. అక్కడ జొన్న పండేదంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. ఆ జొన్నచేనును ఆమె భయం తీరడానికి, నా భయం తీరడానికి, ఇద్దరం కలిసి తుడిచేశాం.