రెండు దారుల దగ్గర నేను లేను

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బండి వెనక చేపల పెట్టె కట్టుకుని తిరిగినదాన్ని కాబట్టి బరువు సంగతి నాకు తెలుసు. తిన్నగా వెళ్తున్నంతసేపూ అది ఉన్నట్టే అనిపించదు. మలుపు తిప్పేటప్పుడు బండిని ఒక పక్కకు లాగుతుంది. పోయిన ఆదివారం నాకు అలాంటి మలుపు వచ్చింది. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. మాస్టారి పేరూ రాయను.

నాది కృత్తివెన్ను పక్కన ఒక ఊరు. మా ఆయన పోయాక ఆయన బండి నేర్చుకుని, చెరువుల దగ్గర చేపలు తీసుకుని గుడివాడలో అమ్మేదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆదివారం పొద్దున్న నేను చేపలు పెట్టుకునే చోటికి పక్కనే, టీ కొట్టు దగ్గర, మోటారు సైకిళ్ల మీద ఊళ్లు తిరిగేవాళ్లు కొందరు కలిసేవారు. మాటలు కలిశాయి. వాళ్లతో ఒకసారి హంసలదీవి వెళ్లాను, తర్వాత అరకు వెళ్లాను. ఆ ఏడాది వాళ్లు నేపాల్ వెళదామనుకున్నారు. ముక్తినాథ్ వెళ్లే కొండదారి. నేనూ వస్తానన్నాను.

"చదువు రాని మనిషి. అక్కడ బోర్డులు ఎవరు చదివి పెడతారు?" అని ఒకరిద్దరు నా ఎదురుగానే అన్నారు.

చల్లపల్లి నుంచి వచ్చే మాస్టారు ఒక్కరే నా తరఫున మాట్లాడారు. ఆయన చిన్నబడిలో పాఠాలూ డ్రిల్లూ చెప్పి రిటైరయిన మనిషి. "చెయ్యి చూపించడానికి చదువెందుకయ్యా? దారి చీలిన చోటల్లా ఆవిణ్ణి నిలబెట్టండి. మనలో ఆవిడంత ఓపిగ్గా నిలబడేవాడు ఎవడున్నాడు?" అన్నారు.

ఆ నిలబడటం ఏమిటంటే, గుంపుగా వెళ్లేటప్పుడు ముందు లీడరు వెళ్తాడు. రెండు దారులు వచ్చిన చోట అతని వెనకే వచ్చే ఒకరు ఆగి, వచ్చే ప్రతి బండికీ ఎటు తిరగాలో చెయ్యి చూపిస్తారు. అందరికన్నా వెనక మెకానిక్ వస్తాడు. అతను వచ్చేదాకా అక్కడ నిలబడ్డ మనిషి కదలకూడదు. వానొచ్చినా కదలకూడదు. నియమం అదొక్కటే. ఆ పని నాకిచ్చారు. చదువు లేకపోయినా చేయగలిగిన పని. నాకు చాలా గర్వంగా ఉండేది.

ఎనిమిది బళ్లు. రైల్లో గోరఖ్‌పూర్ దాకా వేసుకుని అక్కడి నుంచి నడుపుకుంటూ వెళ్లాం. పులిగడ్డ వంతెన ఎక్కడమే ఎత్తు అనుకునే మాకు ఆ కొండల మీద మొదటి రోజు ప్రతి మలుపులో బండి ఆగిపోయింది. మూడు రోజుల్లో అలవాటు పడ్డాం. నాలుగో రోజు మధ్యాహ్నం, పోఖరా దాటి చాలా దూరం వెళ్లాక, దారి రెండుగా చీలింది. కుడి దారి పైకి వెళ్తుంది. ఎడమ దారి కిందకి, ఏటి పక్క రాళ్లు కొట్టే చోటికి దిగుతుంది. నేను ఆగాను. సన్నగా వాన, పొగమంచు. నాలుగు బళ్లు వెంటవెంటనే వచ్చాయి. కుడికి పంపాను. ఇక మాస్టారూ, మెకానిక్ రహీమూ రావాలి. ఎంతసేపటికీ రాలేదు.

పది అడుగుల వెనక ఒక టీ కొట్టు ఉంది. లోపల పొయ్యి మండుతోంది. కొట్టామె రమ్మని సైగ చేసింది. నా వేళ్లు చలికి బిగుసుకుపోయి బ్రేకు కూడా పట్టుకోలేకపోతున్నాను. బండి చప్పుడు వినిపిస్తుంది కదా, వెంటనే బయటికి రావచ్చు అనుకున్నాను. వెళ్లి పొయ్యి ముందు కూర్చున్నాను.

చప్పుడు వినిపించింది. గ్లాసు చేతిలో ఉండగానే లేచాను. నేను గుమ్మం దాటేసరికి మాస్టారి బండి వెనక ఎర్ర దీపం ఎడమ దారిలో కిందకి దిగిపోతోంది. ఒక కేక వేశాను. హెల్మెట్‌లో ఆయనకేం వినపడుతుంది?

బండి తీసి వెంట పడితే అందుకునేదాన్నే. కానీ నేను లేనప్పుడు రహీం వస్తే? అప్పుడు అందరికీ తెలిసిపోతుంది. దారి ఆగిపోతే ఆయనే వెనక్కి వస్తారులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అనుకున్నట్టు తర్వాత నాకు నేను చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. అంతలో రహీం వచ్చాడు.

"అందరూ వెళ్లారా అక్కా?"

"వెళ్లారు."

"మాస్టారు?"

"ఇప్పుడే వెళ్లారు."

ఎటు వెళ్లారో అతను అడగలేదు. నేను చెప్పలేదు.

పై ఊళ్లో ఆగి లెక్క చూసుకుంటే ఏడు బళ్లే ఉన్నాయి. ఫోన్లకు సిగ్నల్ లేదు. అప్పుడైనా నోరు తెరవలేదు. రహీమే వెనక్కి వెళ్లి, ఎడమ దారి దిగి చూశాడు. తడి కంకర మీద బండి జారి మాస్టారు పడిపోయారు. బండి కింద కాలు. రెండు గంటలు అలాగే ఉన్నారు. నేను చెప్పి ఉంటే పావుగంటలో దొరికేవారు.

పోఖరాలో కాలికి కట్టు కట్టారు. అందరం మంచం చుట్టూ ఉన్నాం. ఆయన నన్ను చూసి అడిగారు.

"అమ్మాయ్, నువ్వక్కడ నుంచున్నావా? నాకు కనపళ్లేదే."

"నుంచున్నాను మాస్టారూ. చెయ్యి కూడా ఊపాను. మీరే చూసుకోలేదు. మంచులో మీరెటు తిరిగారో నాకు తెలియలేదు."

ఆయన నా మొహం చూశారు. అనుమానంతో కాదు. "అయితే పొరపాటు నాదేనమ్మా. పాపం ఈవిణ్ణి ఎవరూ ఏమీ అనకండి" అన్నారు.

టీ కొట్లోకి వెళ్లడం తప్పే, అయినా చలి అని చెప్పుకోవచ్చు. ఈ మాటకు ఏం చెప్పుకోను? చదువు రానిదాన్ని తీసుకొస్తే ఇంతే అంటారని భయపడ్డాను. ఆ మాట పడకుండా ఉండటానికి, నా తరఫున మాట్లాడిన ఒక్క మనిషినీ బలి ఇచ్చేశాను.

గుడివాడ టీ కొట్టు దగ్గర అది వేళాకోళమైంది. "జన్మంతా పిల్లలతో లెఫ్ట్ రైట్ చెప్పించిన డ్రిల్లు మాస్టారు, ఆయనకే లెఫ్టేదో రైటేదో తెలియలేదు" అనేవారు. ఆయనా నవ్వేవారు. కానీ బందరు వెళ్లి కళ్లు చూపించుకున్నారు. డాక్టరు కళ్లు బాగున్నాయన్నాడు. ఆయన నమ్మలేదు. డాక్టరు మాట కన్నా నా మాట నమ్మారు. అంత దగ్గర చెయ్యి ఊపిన మనిషే కనపడకపోతే తన బుర్రలోనే ఏదో పోయిందనుకున్నారు. కాలు అతుక్కుంది కానీ ఆయన మళ్లీ బండి ఎక్కలేదు. వసారాలో దుప్పటి కప్పి ఉంచారు. వారానికోసారి స్టార్ట్ చేసి, చప్పుడు విని, ఆపేస్తారు.

ఆయన ఒక్కరే ఉంటారు. కట్టుతో మంచంలో ఉన్నప్పుడు, ఆదివారం బేరం అయ్యాక కొరమీను పులుసు తీసుకెళ్లేదాన్ని. అది జాలి అని అందరూ అనుకున్నారు. ఊరికే తినననీ, బదులుగా అక్షరాలు నేర్చుకోవాలనీ ఆయన పట్టుబట్టారు. పలక మీద మొదలుపెట్టించారు. చదవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం నోట్‌బుక్కులో రాసింది తీసుకెళ్తాను. ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఈ అక్షరాలన్నీ ఆయన పెట్టినవే. ఎన్నిసార్లు ఆ దిద్దిన పేజీ చేతిలో పట్టుకుని చెప్పాలనుకున్నానో. చెబితే చదువు ఆపేస్తారేమోనని కూడా భయపడ్డాను. అది ఇంకో స్వార్థం.

పోయిన ఆదివారం దిద్దడం అయ్యాక, బండి తాళం తెచ్చి నోట్‌బుక్కు మీద పెట్టారు. "నాకింక నా మీద నమ్మకం లేదమ్మా. నువ్వయితే జాగ్రత్తగా నడుపుతావు. తీసుకో" అన్నారు.

వద్దని ఆ క్షణం అనలేకపోయాను. అంటే ఎందుకు వద్దో చెప్పాలి. తాళం ఇంటికి తెచ్చాను. వారం రోజులుగా బియ్యం డబ్బా మీద ఉంది. అన్నం వండినప్పుడల్లా కనిపిస్తుంది.

మాస్టారి కళ్లు బాగున్నాయి. బుర్రా బాగుంది. ఆయన చూశారు. అక్కడ మనిషి లేదు.

ఈ మాట రాయడానికి ఆరేళ్లు పట్టింది. రాశాక చెయ్యి నొప్పిగా ఉంది, లోపల కొంచెం తేలికగా ఉంది. క్షమించమని అడగను. అడిగితే ఆయన పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రావు.

రేపు ఆదివారం. ఈ వారం నోట్‌బుక్కులో రాసింది ఇదే, మీకు పంపేది దీని నకలు. తాళం లోపల పెట్టి నోట్‌బుక్కు ఆయన చేతికిస్తాను. ఆయన ఎర్ర పెన్ను తీసి చదవడం మొదలుపెడతారు. కూర్చోమన్నా కూర్చోను. చివరి వాక్యం అయ్యేదాకా ఆయనకు కనపడేట్టు అక్కడే నిలబడి ఉంటాను.